నక్షత్రముల నిజమైన వెలుగు

నక్షత్రములన్నియు ఒకే రీతిగా ప్రకాశింపవని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయములో జ్ఞాపకము చేసియున్నాడు. అయితే వాటిలో ఏది గొప్పది, ఏది చిన్నది? ఈ విషయములో కంటి సాక్ష్యము మాత్రమే చాలదు. మన చేతిలోని లాంతరు ఊరి చివరనున్న పెట్రోమాక్సు దీపముకంటె ప్రకాశముగా తోచును. దానికి కారణము లాంతరు బలము కాదు, అది దగ్గరగా నుండుటయే. కావున శాస్త్రజ్ఞులు రెండు సంగతులు విచారింతురు: మనయొద్దకు ఎంత వెలుగు వచ్చుచున్నది? అది ఎంత దూరమునుండి వచ్చుచున్నది?

1. మనయొద్దకు వచ్చు వెలుగు

క్రీ.శ. రెండవ శతాబ్దములో టాలెమీ తన పట్టికలో నక్షత్రములను ఆరు తరగతులుగా ఏర్పరచెను. మిక్కిలి ప్రకాశించునవి మొదటి తరగతి. కంటికి కనబడీ కనబడనివి ఆరవది. 1856లో నార్మన్ పాగ్సన్ దీనికి కచ్చితమైన లెక్క కట్టెను. అయిదు తరగతుల భేదమనగా వెలుగులో 100 రెట్ల భేదము. ఒక్క తరగతి భేదమనగా సుమారు 2.512 రెట్లు. ఈ పాగ్సన్ 1861 మొదలుకొని 1891లో మరణించువరకు మద్రాసు నక్షత్రశాలలోనే పనిచేసెను. నేడు దూరదర్శినికి అమర్చిన యంత్రము వెలుగును లెక్కించును. దానిని, తరగతి ముందే తెలిసిన నక్షత్రముల వెలుగుతో పోల్చి చూతురు.

2. దూరము

ఒక వ్రేలిని ముఖము నెదుట నిలిపి, ఒక్కొక్క కన్ను మూసి చూడుడి. వ్రేలు ప్రక్కకు జరిగినట్లు కనబడును. ఆలాగే భూమి ఆరు నెలలలో సూర్యునికి అవతలి ప్రక్కకు, అనగా సుమారు 30 కోట్ల కిలోమీటర్ల దూరము చేరునప్పుడు, దగ్గరి నక్షత్రములు కొంచెము జరిగినట్లు అగుపడును. 1838లో బెసెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు హంసమండలములోని ఒక నక్షత్రమునకు ఈ జరుగుదలలో సగమైన కోణమును కొలిచెను. అది ఒక డిగ్రీలో 3,600వ భాగమునకు సుమారు మూడవ వంతు మాత్రమే! 2013లో అంతరిక్షమునకు పంపబడిన గైయా అను యంత్రము 2025 జనవరి వరకు వంద కోట్లకు మించిన నక్షత్రములను ఈలాగు పరిశీలించెను.

3. లెక్క

దూరము రెండింతలైన యెడల వెలుగు నాలుగవ వంతగును. మూడింతలైన తొమ్మిదవ వంతగును. కావున దూరమును దూరముచేతనే హెచ్చించి లెక్క సరిచేయవలెను.

మాఘమాసపు రాత్రులలో దక్షిణ దిక్కున రెండు గొప్ప నక్షత్రములను మనము చూతుము. పైనున్నది మృగవ్యాధ నక్షత్రము, అనగా సిరియస్. క్రిందనున్నది అగస్త్య నక్షత్రము. కంటికి మొదటిదే సుమారు రెండింతలు ప్రకాశముగా నున్నది. అయితే అది 8.6 కాంతి సంవత్సరముల దూరముననే యున్నది. అగస్త్యుడు సుమారు 310 కాంతి సంవత్సరముల దూరమున, అనగా 36 రెట్ల దూరమున నున్నాడు. 36ను 36చే హెచ్చించిన 1,296. అందులో సగము సుమారు 650. అగస్త్యుని నిజమైన వెలుగు మృగవ్యాధునికంటె అన్ని రెట్లు అధికము! మృగవ్యాధుడే మన సూర్యునికంటె ఇరువది రెట్లకు పైగా ప్రకాశించుచుండగా, అగస్త్యుడు పదివేల రెట్లకు మించి ప్రకాశించుచున్నాడు. పగటిని ఏలు మన సూర్యుని 32.6 కాంతి సంవత్సరముల దూరమున నిలిపిన యెడల, అయిదవ తరగతికి చేరిన మసక చుక్కగా మాత్రమే అగుపడును.

త్రోవలోని ధూళి కొంత వెలుగును మ్రింగివేయును. కొంత వెలుగు మన కంటికి కనబడని జాతిది. వీటినిగూడ లెక్కలో చేర్చిన తరువాతనే పూర్తి ప్రకాశము తెలియును.

దగ్గరనున్నదానిని గొప్పదనియు, దూరమున నున్నదానిని అల్పమనియు ఎంచు అలవాటు మనుష్యుల విషయములోను మనకు కలదు. దూరమెంతో విచారింపక ముందే తీర్పు తీర్చకుందము.

ప్రశ్నలు

1. ఒక నక్షత్రము ప్రకాశముగా కనబడుటకు గల రెండు కారణములేవి?
2. సమానముగా కనబడు రెండు నక్షత్రములలో ఒకటి అయిదు రెట్ల దూరమున నున్న యెడల, దాని నిజమైన వెలుగు ఎన్ని రెట్లు అధికము?