తిరుగు తీగ లేని బొమ్మ



కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. తీగ నిటారుగా, పొడవుగా ఉంటే క్షేత్రరేఖలు దాని చుట్టూ వలయాలుగా ఉంటాయి. కుడిచేతి బొటనవేలిని కరెంటు పారే వైపు చాపి, తీగను పట్టుకున్నట్టు ఊహిస్తే, మిగతా వేళ్ళు ముడుచుకునే వైపే క్షేత్రం దిశ. కరెంటు రెట్టింపైతే క్షేత్రం రెట్టింపవుతుంది, దూరం రెట్టింపైతే సగమవుతుంది. ఒక ఆంపియరు పారే తీగకు మీటరు దూరంలో ఉండే క్షేత్రం 0.2 మైక్రోటెస్లా. ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే తీగల లెక్కలు చాలావరకు నోటితోనే తేలిపోతాయి.

పుదుచ్చేరిలో చదువుతున్న మనవరాలి ఉత్తరంలో సందేహం ఇదీ: హాస్టల్ గదిలో టేబుల్ ఫ్యాన్ వైరు పక్కన దిక్సూచి పెడితే ముల్లు కదల్లేదు, మరి పుస్తకం తప్పా? ఆ వెనకే ఇంకో కబురు యానాంలోని ఇంటికి చేరింది. స్విచ్ బోర్డు మూత విప్పి, లోపలి తీగ దగ్గర దిక్సూచి పెట్టి చూస్తానని మనవరాలు ఎవరినో స్క్రూడ్రైవరు అడిగిందట. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. 230 వోల్టులకు చదువుకునే పిల్ల, చదువుకోని పిల్ల అనే తేడా లేదు. బోర్డు మూత బోర్డుకే ఉండాలి.

పుస్తకం తప్పు కాదు. ముల్లు కదలకపోవడానికి కారణాలు రెండు. ఇంటి కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తూ అటూ ఇటూ మారుతుంది. ముల్లు ఒక పక్కకు తిరగబోయేలోపే తోపు రెండో పక్కకు మారిపోతుంది, కాబట్టి అది ఉన్నచోటే ఉంటుంది. అదొక్కటే కాదు, రెండో కారణమూ ఉంది. ఫ్యాన్ వైరు పైకి ఒకటిగా కనిపించినా లోపల ఫేజు, న్యూట్రల్ ఆనుకుని ఉంటాయి. ఒకదానిలో ఎంత కరెంటు వెళుతుందో రెండోదానిలో అంతే వెనక్కి వస్తుంది. రెండు క్షేత్రాలూ ఎదురెదురై, కాస్త దూరంలోనే దాదాపు పూర్తిగా కొట్టేసుకుంటాయి. పాఠ్యపుస్తకం బొమ్మలో ఒక తీగే ఉంటుంది. తిరిగొచ్చే తీగ ఎక్కడుందో ఆ బొమ్మ చెప్పదు. విద్యార్థి గీసే ప్రతి బొమ్మలో తిరుగు తీగ ఉండి తీరాలన్నది తాతయ్య పట్టుదల.

విషయం తేల్చుకోవడానికి 1.5 వోల్టుల మామూలు టార్చి సెల్లు, మూర తీగ, దిక్సూచి చాలు. ముల్లు మీదుగా సెంటీమీటరు ఎత్తున, ఉత్తర దక్షిణాలుగా తీగను చాపి, కొసలను సెల్లుకు ఒక్క క్షణం తాకించాలి. పుదుచ్చేరిలో భూమి క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం సుమారు 40 మైక్రోటెస్లాలు. రెండు ఆంపియర్లు పారే తీగ కింద సెంటీమీటరు దూరంలో క్షేత్రం కూడా 40. రెండూ సమానం, ఒకదానికొకటి అడ్డం, కాబట్టి ముల్లు 45 డిగ్రీల దగ్గరికి తిరుగుతుంది. తీగను దిక్సూచి కిందికి మారిస్తే ముల్లు రెండో పక్కకు తిరుగుతుంది. ఇక అసలు పరీక్ష: అదే తీగను మడిచి, వెళ్ళే భాగాన్నీ వచ్చే భాగాన్నీ ఆనించి ముల్లు మీద పెట్టాలి. ముల్లు ఉత్తరం చూస్తూ ఊరుకుంటుంది. హాస్టల్ ఫ్యాన్ వైరు చేసిందీ ఇదే. సెల్లును రెండు క్షణాలకు మించి తాకిస్తే తీగ, సెల్లు రెండూ వేడెక్కుతాయి. ఫోను బ్యాటరీతో మాత్రం ఈ పని ఎప్పటికీ చేయకూడదు. లిథియం బ్యాటరీని ఇలా షార్టు చేస్తే మంటలు లేవవచ్చు.

ఈ విద్య మొదలైన ఏడు 1820. తీగలో కరెంటు పారితే పక్కనున్న ముల్లు కదులుతుందని డెన్మార్కులో ఆయిర్‌స్టెడ్ ఆ జులైలో ప్రకటించాడు. సెప్టెంబరు 11న అరాగో ఆ ప్రయోగాన్ని ప్యారిస్ అకాడమీలో చేసి చూపించాడు. అది చూసిన ఆంపియర్ వారం రోజుల్లోనే తన ఫలితాలు అకాడమీ ముందు చదవడం మొదలుపెట్టాడు. తీగకు ముల్లుతోనే కాదు, మరో తీగతోనూ పని ఉందని తేల్చాడు: ఒకే వైపు కరెంటు పారే సమాంతర తీగలు దగ్గరికి లాక్కుంటాయి, ఎదురెదురుగా పారేవి తోసుకుంటాయి. అదే ఏడాది అక్టోబరులో బయో, సవార్ ఇద్దరూ దూరాన్నిబట్టి క్షేత్రం ఎలా తగ్గుతుందో కొలిచి చెప్పారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1816లో, మళ్ళీ ఫ్రెంచి పాలనలోకి వచ్చిన పుదుచ్చేరికి అప్పట్లో ప్యారిస్సే రాజధాని.

తాతయ్య చదువుకునే రోజుల్లో కాకినాడ బస్సు దిగి ల్యాబుకు పరుగెత్తేసరికి టాంజెంట్ గాల్వనామీటర్ బల్ల మీద సిద్ధంగా ఉండేది. నిలువు చట్రానికి రాగి తీగ చుట్లు, మధ్యలో దిక్సూచి పెట్టె, ముల్లు కింద అద్దం. ముల్లు దాని నీడను పూర్తిగా కప్పేలా కన్ను నిలిపి, రెండు కొసలా అంకెలు చదవాలి. చుట్టు 8 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో, 50 చుట్లతో ఉంటే ఆంపియరులో పదో వంతుకే ముల్లు 45 డిగ్రీల దగ్గరికి వస్తుంది. అదే పరికరం ప్యారిస్‌లో పెడితే 60 డిగ్రీలు దాటుతుంది, ఎందుకంటే అక్కడ క్షితిజ సమాంతర భాగం ఇక్కడి దానిలో ఇంచుమించు సగమే. బస్సు పాసు పెట్టుకునే ఇనప రేకు డబ్బా బల్ల మీద ఉంటే అంకెలన్నీ తారుమారయ్యేవి. మేష్టారు మాత్రం వస్తూనే సెల్లు నుంచి పరికరానికి వెళ్ళే రెండు తీగలను చూసేవారు. అవి విడివిడిగా పడి ఉంటే దగ్గరికి లాగి జడలా మెలేసేవారు. అప్పుడు ముల్లు చట్రం మీది చుట్ల క్షేత్రాన్నే చూపిస్తుంది, దారిలోని తీగల జోలికి పోదు. తిరుగు తీగ మీద తాతయ్యకు పట్టింపు అక్కడ పుట్టింది.

తీగల మధ్య బలానికీ లెక్క తేలికే. మీటరు ఎడంలో ఉన్న రెండు పొడవాటి తీగల్లో ఒక్కో ఆంపియరు పారితే, ప్రతి మీటరు పొడవుకూ బలం ఒక న్యూటనులో కోటి వంతుకు రెండింతలు. 1948 నుంచి 2019 వరకు ఆంపియరు నిర్వచనమే ఇది. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశం ఆధారంగా నిర్వచిస్తున్నారు. రెండు తీగల్లోనూ ఒకే కరెంటు పారితే బలం కరెంటు వర్గంతో పెరుగుతుంది, ఎడం తగ్గినకొద్దీ పెరుగుతుంది. సబ్‌స్టేషన్లో 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న బస్‌బార్లనే లోహపు పట్టీల్లో షార్టు సర్క్యూట్ వల్ల 10,000 ఆంపియర్లు పారాయనుకుంటే ప్రతి మీటరు మీదా 200 న్యూటన్లు, అంటే దాదాపు 20 కిలోల బరువంత తోపు. 20,000 అయితే నాలుగింతలు. బస్‌బార్ల ఆధారాలను ఈ దెబ్బకు తట్టుకునేలా కడతారు.

ఒడిశాలోని తాల్చేరు నుంచి ఆంధ్ర మీదుగా కర్ణాటకలోని కోలారు వెళ్ళే డీసీ లైను 2003లో 2000 మెగావాట్ల సామర్థ్యంతో మొదలైంది. ఒక ధ్రువం ప్లస్ 500 కిలోవోల్టులు, రెండోది మైనస్ 500. 2000 మెగావాట్ల భారం మీద ఒకదానిలో 2000 ఆంపియర్లు వెళుతుంటే రెండోదానిలో అంతే తిరిగొస్తుంది. 10 మీటర్ల ఎడం అనుకుంటే వాటి మధ్య తోపు మీటరుకు 8 గ్రాముల బరువంతే. ఒక్క ధ్రువమే ఉంటే 20 మీటర్ల కింద క్షేత్రం 20 మైక్రోటెస్లాలు; జత ఉండటం వల్ల వాటి నడిమధ్య కింద అది ఇంచుమించు సగానికి పడుతుంది. ఒక ధ్రువం ఆగిపోతే నేలనే తిరుగు తీగగా వాడుకునే ఏర్పాటు ఉంది. ఎటు చూసినా తిరుగు దారి లేకుండా కరెంటు లేదు.

తిరుగు దారికి ఇళ్ళలోనే ఇంకో సాక్ష్యం ఉంటుంది. మెయిన్ బోర్డులోని ఆర్‌సీసీబీ అనే రక్షణ మీట లోపల ఒక అయస్కాంత వలయం గుండా ఫేజు, న్యూట్రల్ రెండూ వెళతాయి. వెళ్ళిందంతా తిరిగొస్తే వలయంలో క్షేత్రం సున్నా. మనిషి ఒంటి మీదుగా కొంత కరెంటు నేలలోకి జారితే లెక్క తప్పుతుంది, వలయంలో క్షేత్రం పుడుతుంది, మీట పడిపోతుంది. ఇళ్ళలో సాధారణంగా 30 మిల్లీయాంపియర్ల తేడాకే పడేలా పెడతారు. అయితే ఒక చేయి ఫేజుకూ ఇంకో చేయి న్యూట్రల్‌కూ తగిలితే, నేలలోకి ఏమీ జారకపోతే, ఆ మీటకు తేడా తెలియదు. స్క్రూడ్రైవరు గురించి ఇంటిల్లిపాదీ అంతలా బెంగపడింది అందుకే. బామ్మ పంపిన సున్నుండలు అయ్యాయో లేదో కూడా ఉత్తరంలో రాయని పిల్ల గురించి బెంగ ఎలాగూ ఉంటుంది.

పుదుచ్చేరిలో చదివేవాళ్ళకు ఆకాశంలోనూ ఒక తీగ ఉంది. పగటిపూట అయస్కాంత భూమధ్యరేఖ పొడవునా, సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున, అయనావరణంలో తూర్పుగా పెద్ద కరెంటు పారుతుంది. దాన్ని ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్ అంటారు. ఆ రేఖ తమిళనాడు దక్షిణాగ్రం మీదుగా పోతుంది. పుదుచ్చేరి ఆ ప్రవాహపు ఉత్తరపు అంచున ఉంటుంది. బొటనవేలు తూర్పుకు చాపి చూస్తే తీగ కింద వేళ్ళు ఉత్తరం చూపిస్తాయి, కాబట్టి మధ్యాహ్నం వేళ భూక్షేత్రపు ఉత్తర భాగం పదుల నానోటెస్లాల మేర పెరుగుతుంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జియోమాగ్నెటిజమ్ వారి అబ్జర్వేటరీల్లో ఒకటి పుదుచ్చేరిలోనే ఉంది. ఈ ఆకాశపు కరెంటుకూ తిరుగు దారి ఉంది: ఉత్తర దక్షిణాల్లో పెద్ద సుడులుగా తిరిగి, ఎగువ అక్షాంశాల్లో పడమరగా వెనక్కి వస్తుంది.

లెక్కకు కూర్చున్న ప్రతిసారీ ముందు బొమ్మ గీయాలి, అందులో తిరుగు తీగ గీయాలి, కుడిచేత్తో దిశ చూసుకోవాలి. సూత్రం ఆ తర్వాతే. సెల్లు ప్రయోగం చేశాక ముల్లు ఎన్ని డిగ్రీలు తిరిగిందో, తీగ మడిచినప్పుడు ఎంతకు తగ్గిందో రెండంకెలూ ఉత్తరంలో రావాలి. మధ్యాహ్నం భోజనం మానకూడదు.

ఇట్లు,
తాతయ్య