కొంగయు, అగ్గితెగులును

చేనిలో తెల్లగా కనుపించునది కొంగయైనచో రైతు వడిసెల చేతబట్టి పరుగెత్తును. అగ్గితెగులు ఆకుపై మచ్చలు పెట్టుచున్నను, వెన్నులు తెల్లబడువరకు ఊరకుండును. సోదర కర్షకులారా, ఈ రెంటిలో మనకు నష్టము గావించున దేదియో యోచింపుడని మనవి చేయుచున్నాము.

కొంగ మడిలో నిలిచి మిడుతలను, పురుగులను, చిన్న చేపలను, కప్పలను తినును. కప్పయు పురుగులను తినునదే గావున కొంగ చేయునదంతయు మేలేయని మేము చెప్పము. క్రొత్తగా నాటిన మడిలో కొన్ని మొక్కలను త్రొక్కును. అంతకుమించి చెప్పదగిన యపకారము దానివలన లేదు.

అగ్గితెగులు బూజుజాతికి చెందినది. దాని బీజములు కంటికి కానరావు. రెక్కలు లేకున్నను గాలిలో తేలివచ్చి ఆకుపై వ్రాలును. కొంగ చేపకొరకు కాచియుండునట్లు ఇది మంచుతడికొరకు కాచియుండును. రాత్రులు 20 డిగ్రీల వరకు చల్లబడి, ప్రొద్దెక్కువరకు ఆకులు తడియారకున్నచో బీజము మొలకెత్తి చిన్న బుడిపెను గట్టును. ఆ బుడిపెలోని యొత్తిడి మోటారుబండి చక్రములోని గాలి యొత్తిడికి 30 రెట్లకు తక్కువ గాదు. ఆ బలముతో ఆకును పొడిచి లోనికి జొచ్చును. కొంగ ముక్కు దీనిముందేపాటి! వారము దినములలో నూలుకండె యాకారముగల మచ్చ యేర్పడును. నడుమ బూడిదరంగు, అంచున గోధుమరంగు. ఆ మచ్చలనుండి వేలకొలది బీజములు మరల గాలిలో గలియును.

ఇదియే వెన్ను మెడకు సోకినచో మెడవిరుపు, గింజ తాలుపోవును. కాండము తొలుచు పురుగువలనను వెన్ను తెల్లబడును గావున పొరబడరాదు. వెన్నును పట్టి లాగి చూడుడు. సులభముగా ఊడివచ్చినచో పురుగు. ఊడిరాక, మెడ నల్లబడి విరిగి వ్రేలాడుచున్నచో అగ్గితెగులు.

మచ్చలు చూచి, చేనికి బలము చాలలేదని మరియొక బస్తా యూరియా చల్లుట మేమెరిగిన తప్పులలో పెద్దది. నత్రజని హెచ్చినకొలది తెగులు విజృంభించును. బి.పి.టి. 5204 అనబడు సాంబమసూరి దీనికి తాళలేదు గనుక ఆ రకము వేసినవారు మరింత జాగరూకులై యుండవలెను. యూరియాను దఫదఫాలుగా వేయుడు. మచ్చలు కనబడగనే నిలుపుడు. గట్లపై గడ్డిని తీసివేయుడు. ట్రైసైక్లజోల్ 75 శాతపు పొడిని లీటరు నీటికి 0.6 గ్రాము చొప్పున కలిపి పిచికారి చేయుడు. మెడవిరుపు భయమున్నచోట వెన్నులు పైకి వచ్చునప్పుడే కొట్టవలెను. తెల్లబడిన వెన్నును ఏ మందును మరల గింజగట్టింపజాలదు.