ఏళ్ల కాపురం తర్వాత క్రూరత్వం కింద విడాకులు: కేసు ఎలా వెయ్యాలి?

"ఇన్నేళ్లు కాపురం చేసినావు గదా, ఇప్పుడేమొచ్చె?" ఇంట్లో పెద్దలు అడిగే ఈ మాటే రేపు కోర్టులో ఎదుటి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతాడు. పాతికేళ్ల కాపురం మీద కేసు నిలిచేదీ పడిపోయేదీ చాలావరకు ఇక్కడే. హిందూ వివాహ చట్టం 13(1)(ఐఏ) సెక్షన్ భార్యాభర్తలిద్దరికీ వర్తిస్తుంది. ఇతర మతాల వాళ్లకు చట్టాలు వేరు.

ముందు ఒక నోటుబుక్కు పెట్టండి. "రోజూ తిట్టేవాడు, కొట్టేవాడు" అంటే చాలదు. ఏ ఏడు, ఏ ఇంట్లో, ఎవరి ఎదుట? తేదీ గుర్తు రాకపోతే గంగజాతర వారమనో, పెద్దమ్మాయి పదో తరగతి పరీక్షలప్పుడనో రాయండి. పక్కనే ఎందుకు ఓర్చుకున్నారో కూడా రాయండి: పిల్లల చదువా, పుట్టింట్లో ఆదరువు లేకనా, పెద్దమనుషుల ముందు ఇంకెప్పుడూ చెయ్యనని మాటిచ్చినందుకా?

ఇది ఎందుకంటే, 23వ సెక్షన్ ప్రకారం క్షమించేసిన క్రూరత్వం విడాకులకు కారణం కాదు. అయితే ఆ క్షమ షరతు మీదే ఉంటుందనీ, మళ్లీ తప్పు చేస్తే పాతవీ లేస్తాయనీ 1975లో దాస్తానే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఈమధ్య జరిగినవి గట్టిగా ఉండాలి.

దెబ్బలే తగలాలని లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన శోభారాణి కేసులో హైకోర్టు కాదన్నా, కట్నం కోసం వేధించడం క్రూరత్వమేనని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. అలాగని లేనిది కల్పించి పోలీసు కేసు పెట్టకండి. అబద్ధపు ఫిర్యాదే క్రూరత్వమని 2013లో కె. శ్రీనివాసరావు కేసులో తీర్పొచ్చింది.

తర్వాత కాగితాలు: పెళ్లి పత్రిక, ఫొటోలు, ఆసుపత్రి చీటీలు, స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు. వాట్సాప్ మెసేజీలున్న ఫోన్ అమ్మెయ్యకండి. ప్రింటుతోపాటు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చెయ్యాలి.

కేసు ఎక్కడ? పెళ్లి జరిగిన చోట, చివరగా కలిసున్న చోట, ఎదుటివారు ఉంటున్న చోట. భార్య వేస్తే తానుంటున్న చోట కూడా. తిరుమల కొండమీద పెళ్లి చేసుకుని బెంగళూరులో కాపురం పెట్టినవాళ్లు కూడా తిరుపతిలో వేసుకోవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చెయ్యండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

పిటిషన్‌తోపాటే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం అడగండి. ఇద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ ఇవ్వాలి. ఆ తర్వాత నోటీసు, కౌన్సెలింగ్, కౌంటరు, సాక్ష్యం. వాయిదాలకు ఓపిక పట్టాలి. కౌన్సెలింగ్‌లో రాజీ కుదిరితే 13బి కింద పరస్పర అంగీకారానికి మారవచ్చు. పెద్దమనుషులు బాండు పేపరు మీద రాయించే విడాకులు మామూలుగా కోర్టులో చెల్లవు.

చాలామంది మరిచేది ఒకటుంది. భర్త ప్రభుత్వోద్యోగి అయితే, విడాకులయ్యాక ఆయన తదనంతరం మాజీ భార్యకు కుటుంబ పింఛను రాదు. అందుకే 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం పిటిషన్‌లోనే కోరండి. లేదంటే 10వ సెక్షన్ కింద న్యాయపరంగా వేరుండటం అడగవచ్చు. కారణాలు అవే, పెళ్లి మాత్రం రద్దు కాదు. ఏది మేలో లాయరుతో లెక్క వేయించుకున్నాకే సంతకం పెట్టండి.