బబులోను చదువులో నలుగురు స్నేహితులు

చదువవలసిన భాగములు: దానియేలు 1వ అధ్యాయము, 2:17–24, గలతీయులకు 2:11–14



మన పల్లె సంఘముల బిడ్డలు ఇప్పుడు హైదరాబాదు, విశాఖపట్టణము, ఢిల్లీ మొదలగు నగరముల విశ్వవిద్యాలయములకు చదువబోవుచున్నారు. కూలి చేసియు అప్పు తెచ్చియు వారిని పంపు తల్లిదండ్రులు ఫీజును గూర్చియు భోజనమును గూర్చియు విచారింతురు. అయితే మొదటి నెలలలో బిడ్డ పడు బాధ తరచుగా వేరొకటి. మెస్సులో అతని ప్రక్కన కూర్చుండి తినువాడు ఒక్కడును లేడు. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము వంటి చోట్ల అనేక రాష్ట్రముల వారు కలిసి చదువుదురు. ఒక గదిలో మలయాళము, ప్రక్క గదిలో ఒడియా, ఎదుటి గదిలో మిజో భాష వినబడవచ్చును. మన బిడ్డ ఇంగ్లీషు మాటలాడుటకు జంకును. ఇంటిపేరు అడిగి కులమును ఆరా తీయువారును ఉందురు. అప్పుడు అతనికి రెండు దారులు కనబడును. తన ఊరును, తన వారిని దాచిపెట్టి అందరివలె నటించుట ఒకటి. తన వారి మధ్యనే ముడుచుకొని కూర్చుండుట రెండవది. ఈ రెండును గాక మరియొక దారి కలదని దానియేలు గ్రంథము మనకు నేర్పుచున్నది.

1. పేరు మారెను, ప్రభువు మారలేదు

బబులోను అనేక జనములును భాషలును కూడిన పట్టణము. రాజు యూదా యౌవనులను తెప్పించి, మూడు సంవత్సరములు కల్దీయుల భాషను, విద్యను నేర్పింప నియమించెను. దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా అను పేర్లన్నిటిలో దేవుని నామము ఇమిడియున్నది. వాటిని తీసివేసి బెల్తెషాజరు, షద్రకు, మేషాకు, అబేద్నెగో అను పేర్లు పెట్టిరి. ఈ యౌవనులు క్రొత్త పేరునకు పలికిరి. అన్యుల భాషను శ్రద్ధగా నేర్చిరి. పరీక్షలో రాజ్యమందలి జ్ఞానులందరికంటె మిన్నగా నిలిచిరి. తమ్మును అపవిత్రపరచు భోజనమును మాత్రము వద్దనిరి.

సంఘపు రిజిస్టరులో ఒక పేరు, సర్టిఫికేటులో మరియొక పేరు గల బిడ్డలు మనకు క్రొత్త కాదు. కాగితము మీది పేరు వారి హృదయమును నిర్ణయింపదు. రెండవ అధ్యాయమున ఆ నలుగురు ప్రార్థనకు కూడినప్పుడు లేఖనము వారిని తల్లిదండ్రులు పెట్టిన పేర్లతోనే పిలుచుట గమనించుడి. దేవుని యెదుట తానెవడో ఎరిగినవాడు మనుష్యుల యెదుట సిగ్గుపడనక్కరలేదు. “మాది ఫలాని పల్లె, మా నాయన పాలికాపు, మేము ఆదివారము గుడికి వెళ్లుదుము” అని నెమ్మదిగా చెప్పగల బిడ్డకు దాచుకొనవలసినది ఏమియు లేదు. దాచుకొనువాడు ఎవరితోను నిజమైన స్నేహము చేయలేడు. తన్ను ఎప్పుడు కనుగొందురో యని భయపడుచునే యుండును.

2. సొంతవారి తోడు దేవుని దయ

దానియేలు ఒంటరిగా నిలువలేదు. చంపబడు గడియ వచ్చినప్పుడు అతడు ఇంటికి వెళ్లి ముగ్గురు స్నేహితులకు సంగతి తెలియజేసెను. కాబట్టి తెలుగు బిడ్డలు ఒక బల్లయొద్ద కూడి, గోంగూరను గూర్చియు ఇంటిని గూర్చియు మాటలాడుకొనినచో మనము తప్పుపట్టరాదు. మాతృభాషలో ప్రార్థించుటకు ఇద్దరు ముగ్గురు దొరకుట గొప్ప మేలు.

అయితే ఆ నలుగురి ప్రార్థన వలన ఎవరు బ్రదికిరి? వారు మాత్రమే కాదు. మర్మము బయలుపడిన పిమ్మట, బబులోను జ్ఞానులను చంపవద్దని దానియేలు అడిగెను. సొంతవారి కూటము పరాయివారికి ప్రాణము పోసెను. మన బిడ్డల కూటమునకు ఇదియే కొలత. మా వాడు కాడని మరియొకనిని త్రోసివేయు గుంపు దానియేలు గుంపు కాదు.

3. పరాయివాని కష్టము తెలిసికొనుట

భోజనము వద్దన్నప్పుడు దానియేలు తిట్టలేదు, కలహింపలేదు. తనకు రాజు వలన ప్రాణభయమున్నదని అధికారి చెప్పగా, ఆ భయమును గుర్తెరిగి, పది దినములు పరీక్షించి చూడుమని వాని పైవిచారణకర్తను వేడుకొనెను. ఎదుటివాని కష్టమును తెలిసికొనుటయే స్నేహమునకు మొదటి మెట్టు.

ఈశాన్య రాష్ట్రముల విద్యార్థులను మన నగరములలో అనేకులు ముఖమును చూచి పరదేశులని యెంచి హేళన చేయుదురు. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నీడో తానియా ఢిల్లీలో ఒక అంగడియొద్ద తన జుట్టును గూర్చి ఎగతాళి చేయబడి, కొట్టబడి, మరునాడు మరణించెను. ఊరి వెలుపల పేటలో పెరిగిన మనకు ఎగతాళి యెట్టిదో తెలియదా? నాగాలు పులియబెట్టిన సోయా గింజలు వండునప్పుడు ముక్కు మూసికొనువాడు, మన యింటి ఎండుచేపల కూరను జ్ఞాపకము చేసికొనవలెను.

పైగా వారు మనకు సహోదరులు. అమెరికను బాప్తిస్టు మిషనరీయైన శామ్యూల్ డే 1840లో నెల్లూరునకు వచ్చెను. ఆ మిషనుకే చెందిన క్లార్కు దొరగారి కాలమున 1872లో ఆవో నాగాలలో కొందరు బాప్తిస్మము పొందిరి. ఒక చేతి విత్తనమే రెండు పొలములలో పడినది.

మన దోర్నకల్లులో బిషప్పుగా నుండిన వి.ఎస్. అజరయ్యగారు దానియేలు స్నేహితునికి గల పేరే గలవారు. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో దోర్నకల్లునకు వచ్చి, తెలుగు నేర్చుకొని, తెలుగు పల్లెల నడుమ బ్రదికిరి. 1910లో ఎడిన్‌బరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆసియావారు బహు కొద్దిమంది. అక్కడ ఆయన నిలిచి, మిషనరీల త్యాగమునకు కృతజ్ఞత తెలిపి, అయినను భారతీయులకు వారి స్నేహము కూడ కావలెనని ధైర్యముగా అడిగిరి. 1912లో ఆయన ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయెను. తమిళుడనని ఆయన దాచలేదు. తమిళుల మధ్యనే నిలిచిపోనులేదు.

4. ఇంటియొద్ద నేర్పవలసిన పాఠము

అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము చేయుచు, తనవారు వచ్చినప్పుడు వెనుదీసెను. పౌలు అందరి యెదుట ఆయనను గద్దించెను. ఈ మాట మన పల్లెలకును తగులును. మాలపేట క్రైస్తవులు, మాదిగపేట క్రైస్తవులు ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చి, ఇంటికి వెళ్లిన తరువాత ఒకరి గిన్నెలో ఒకరు తిననియెడల, మన బిడ్డ నగరములో పరాయివానితో తినుట ఎక్కడ నేర్చును? పెట్టె సర్దునప్పుడు అవకాయ జాడీతో కూడ మనము ఈ వాడుకను కూడ సర్ది పంపవలెను. ఫోనులో మాటలాడునప్పుడు, “మన వాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అడుగుడి; దానితో పాటు, “నీ ప్రక్క గది అబ్బాయి పేరేమిటి? వాళ్ల ఊరు ఏది?” అని కూడ అడుగుడి. సెలవులకు అతనిని వెంటబెట్టుకొని రమ్మనుడి. పండుగనాడు మన చాపమీద ఒక మిజో బిడ్డ కూర్చుండి తినినచో, మన సంఘమంతయు ఒక పాఠము నేర్చుకొనును.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. దానియేలు దేనిని అంగీకరించెను? దేనిని నిరాకరించెను? ఎందుకు?
2. మన సంఘమునుండి చదువబోయిన బిడ్డ పేరు చెప్పి ఈ వారము ఎవరు ప్రార్థింతురు? ఎవరు ఫోను చేయుదురు?
3. మన ఊరిలో మనము ఇంతవరకు ఎవరి యింట భోజనము చేయలేదు?

ప్రార్థన: బబులోనులో నలుగురిని విడువని దేవా, దూరమున నున్న మా బిడ్డలకు స్నేహితులను దయచేయుము; వారిని ఒంటరివారికి స్నేహితులుగా చేయుము. యేసు నామమున, ఆమేన్.