పాత వంతెన: బాగు చెయ్యాలా? కూల్చాలా?

బౌరంపేట్‌లో మహిళా సంఘం మీటింగు అయిపోయింది. పొదుపు పైసలు లెక్కపెట్టారు. పుస్తకంలో రాశారు. అందరూ లేవబోతుంటే గోదావరి పుష్కరాల ముచ్చట వచ్చింది.

"2027ల మళ్ల పుష్కరాలు వస్తున్నయి. ఈసారి రాజమండ్రి పోదాం వదినా" అంది మరదలు. "ఆడ పాత రైలు బ్రిడ్జిని బాగు చేసి, జనం తిరిగేటట్టు చేస్తరంట. దాని మీద నిలబడి గోదారిని చూడొచ్చంట."

"నూరేండ్లు దాటిన బ్రిడ్జి మీదికా? నేనైతే పిల్లల్ని ఎక్కనియ్య. పాతదాన్ని కూలగొట్టాలె గాని, దాని మీద సంబరాలేంది?" అంది వదిన.

"గట్లంటే ఎట్ల వదినా? మీ అత్త కట్టిన ఇల్లు పాతదని కూలగొట్టినవా? కప్పు మార్పించి ఉంటలేవా?"

"ఇల్లు వేరు. నీళ్ల మీద బ్రిడ్జి వేరు. ఇల్లు కురిస్తే తడుస్తం. బ్రిడ్జి కూలితే పానం పోతది."

అక్కలారా! ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మరి పాత వంతెనను ఏం చెయ్యాలి? బాగు చెయ్యాలా? కూల్చాలా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

గోదావరి మీద పాత వంతెన

సికింద్రాబాద్‌లో రైలెక్కి రాజమండ్రి పోయేవాళ్లకు గోదావరి వస్తూనే తెలుస్తుంది. రైలు చప్పుడు మారుతుంది. అందరూ కిటికీల దగ్గర చేరతారు. దండం పెట్టి గోదారమ్మకు చిల్లర పైసలు వేస్తారు. అప్పుడు పక్కన ఇంకో వంతెన కనిపిస్తుంది. దాని మీద రైళ్లు నడవవు. అదే పాత వంతెన. దాని పేరు హేవలాక్ వంతెన.

దాన్ని తెల్లవాళ్ల కాలంలో కట్టారు. పని 1897లో మొదలైంది. 1900లో పూర్తయింది. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు దానికి పెట్టారు. పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైనే. స్తంభాలు రాతివి. వాటి మీద ఇనుప దూలాలు. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే జాగాను ఖానా అంటారు. ఈ వంతెనకు 56 ఖానాలు ఉన్నాయి.

అంతకు ముందు అక్కడ గోదావరి దాటాలంటే పడవే దిక్కు. వంతెన వచ్చాక మద్రాసు నుంచి హౌరా దాకా రైలు దారి కలిసింది. దాదాపు నూరేళ్లు ఆ వంతెన రైళ్లను మోసింది. 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది. 1997లో కమాను వంతెన వచ్చింది. ఆ ఏడాదే పాత వంతెన మీద రైళ్లు ఆపేశారు.

అప్పటి నుంచి ఒకటే ప్రశ్న. దాన్ని ఏం చెయ్యాలి? విప్పేసి ఇనుము అమ్మితే డబ్బు వస్తుందని కొందరన్నారు. అది మా ఊరి గుర్తు, ఉంచాలని ఊరి జనం కోరారు. ఏళ్లు గడిచాయి. ఇనుము ఎండకు ఎండింది, వానకు తడిసింది. చివరకు 2025 జూన్‌లో అఖండ గోదావరి అనే పనికి రాజమండ్రిలో శంకుస్థాపన చేశారు. ఆ పని మొత్తానికి 94 కోట్ల రూపాయలకు పైగా ఖర్చు. పాత వంతెనను జనం చూసి తిరిగే చోటుగా మార్చడం అందులో ఒక భాగం.

అంటే, కూల్చకుండా బాగు చేద్దామని నిర్ణయించారు. మంచిదే. కానీ వదిన భయం ఇంకా అలాగే ఉంది. పాత ఇనుమును నమ్మడం ఎలా?

వయసు ఒక్కటే చూస్తే చాలదు

మన హైదరాబాద్‌లో మూసీ మీద పురానాపూల్ ఉంది. దాన్ని 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టారు. 1908లో మూసీకి పెద్ద వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. మిగతా వంతెనలు తెగిపోయాయి. పురానాపూల్ దెబ్బలు తిన్నా నిలిచింది. ఇప్పటికి నాలుగు వందల ఏళ్లు దాటినా అది నిలబడే ఉంది.

ఇప్పుడు మహారాష్ట్ర సంగతి వినండి. పుణె దగ్గర కుండ్‌మలా అనే చోట ఇంద్రాయణి నది మీద ఒక ఇనుప వంతెన ఉండేది. వయసు ముప్పై ఏళ్ల పైచిలుకు, అంతే. అది పాడైందని అందరికీ తెలుసు. ఎక్కవద్దని బోర్డు కూడా పెట్టారు. అక్కడ కొత్త వంతెన కట్టాలని అనుకున్నారు. కానీ పాతదాన్ని తీసెయ్యలేదు, గట్టిగా మూసెయ్యలేదు. 2025 జూన్ 15, ఆదివారం. వాన నీళ్లు చూడాలని జనం వచ్చారు. వంతెన మీద గుంపుగా నిలబడ్డారు. అది కూలింది. నలుగురు చనిపోయారు. చాలామందికి దెబ్బలు తగిలాయి.

చూశారా? నాలుగు వందల ఏళ్లది నిలిచింది. ముప్పై ఏళ్లది కూలింది. పురానాపూల్ రాతి కమానుల వంతెన. రాయికి తుప్పు పట్టదు. ఇనుముకు తుప్పు పడుతుంది. రంగు వేసి కాపాడకపోతే తుప్పు ఇనుమును తినేస్తుంది. కాబట్టి ఎన్నేళ్లది అని మాత్రమే అడిగితే చాలదు. దేనితో కట్టారు? ఎలా కాపాడారు? ఇది కూడా అడగాలి.

బోర్డు పెట్టినంత మాత్రాన పని అయిపోదు. బోర్డు చదవలేని వాళ్లుంటారు. చదివినా లెక్క చెయ్యని వాళ్లుంటారు. పాడైన వంతెనకు అడ్డంగా గోడ కట్టాలి. లేదా దాన్ని తీసెయ్యాలి.

పైపై మరమ్మతు

గుజరాత్‌లో మోర్బీ అనే ఊరుంది. అక్కడ మచ్ఛూ నది మీద వేలాడే వంతెన ఉండేది. ఆ ఊరి రాజు 1870ల కాలంలో కట్టించాడు. నాలుగు అడుగుల వెడల్పు. ఇనుప తాళ్ల మీద ఊగుతూ ఉండేది. పిల్లలతో, చుట్టాలతో కలిసి జనం సరదాగా వెళ్లేవారు.

2022లో దాన్ని కొన్ని నెలలు మూశారు. మరమ్మతు చేశామన్నారు. దీపావళి పండుగ రోజుల్లో, అక్టోబరు 26న తెరిచారు. అక్టోబరు 30, ఆదివారం. ఆ ఒక్క రోజే మూడు వేలకు పైగా టికెట్లు అమ్మారు. సాయంత్రం వంతెన మీద వందల మంది ఉన్నారు. ఒక ఇనుప తాడు తెగింది. చాలామంది నదిలో పడ్డారు. 135 మంది చనిపోయారు. అందులో చాలామంది పిల్లలు, ఆడవాళ్లు.

తర్వాత పరీక్ష చేశారు. ఒక తాడులో 49 తీగలు ఉన్నాయి. అందులో 22 తీగలు ముందే తుప్పు పట్టి పాడయ్యాయి. మరి మరమ్మతులో ఏం చేశారు? కింద నడిచే చెక్కలు తీసి అల్యూమినియం రేకులు వేశారు. పాత తాళ్లను మార్చలేదు.

మన చేంతాడును గుర్తు చేసుకోండి. సగం పోగులు తెగిన చేంతాడుకు కొత్త బొక్కెన కట్టి బావిలోకి వదులుతామా? మోర్బీలో అదే జరిగింది. నడిచే దారి కొత్తది. మోసే తాడు పాతది. అది మరమ్మతు కాదు, పైపై మెరుగు.

గట్టిదా కాదా, ఎలా తెలుస్తుంది?

కుండ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? వేలితో కొట్టి చూస్తాం. ఖంగుమంటే మంచిది. బొద్దుగా మోగితే పగులు ఉన్నట్టు. పాత ఇనుప వంతెనల్లో దూలాలను గట్టి మేకులతో బిగించేవారు. వాటిని రివెట్లు అంటారు. రైల్వే పనివాళ్లు కూడా చిన్న సుత్తితో కొట్టి చూస్తారు. వదులైన రివెట్టు చేతికి తెలుస్తుంది, చెవికి తెలుస్తుంది.

ఇప్పుడు యంత్రాలు కూడా వచ్చాయి. ఇనుము ఎంత మందం మిగిలిందో కొలుస్తారు. లోపలి పగుళ్లు కనిపెడతారు. నీళ్లలో పునాది చుట్టూ ఇసుక కోసుకుపోయిందా అని చూస్తారు. వంతెన మీద బరువులు పెట్టి, ఎంత వంగింది, తీశాక మళ్లీ సరిగ్గా అయిందా అని కొలుస్తారు.

మనుషుల బరువు తక్కువేం కాదు. ఒక మనిషి 60 కిలోలు అనుకుందాం. 100 మంది అంటే 6,000 కిలోలు. అంటే 60 క్వింటాళ్లు. 50 కిలోల బియ్యం బస్తాలు 120 ఎత్తినట్టు! హేవలాక్ వంతెనను రైళ్లకోసం కట్టారు. మోర్బీది నడిచేవాళ్ల కోసం కట్టారు. రెండింటి బలం ఒకటి కాదు. అయినా రెండింటికీ పరీక్ష కావాలి, జనానికి లెక్క కావాలి.

పరీక్షలో మూడు రకాల జవాబులు రావచ్చు.

ఒకటి: మోసే భాగాలు గట్టిగా ఉన్నాయి. అప్పుడు బాగు చేసి వాడుకోవచ్చు.

రెండు: కొన్ని భాగాలు పాడయ్యాయి. వాటిని మార్చాలి. మార్చేదాకా తాళం వెయ్యాలి.

మూడు: మోసే భాగాలే పాడయ్యాయి. మార్చే వీలు లేదు. అప్పుడు ఎంత ముద్దొచ్చినా తీసెయ్యాలి.

బాగు చేస్తే ఖర్చు ఒక్కసారితో పోదు. రంగు వెయ్యాలి, ఏటా చూడాలి, కాపలా పెట్టాలి. ఆ డబ్బు ఎవరు పెడతారో ముందే తేల్చాలి. తేల్చకపోతే బాగు చేసిన వంతెన కూడా కొన్నాళ్లకు మళ్లీ పాడవుతుంది.

మనం ఏం చెయ్యగలం?

మన దగ్గర గోదావరి లేదు. కానీ చెరువు ఉంది. వానాకాలం మత్తడి దుంకితే చూడటానికి పిల్లలు పరుగెత్తుతారు. వాగుల మీద కల్వర్టులు ఉన్నాయి. సెలవు రోజుల్లో శామీర్‌పేట చెరువుకు పోతాం. ఎక్కడికి పోయినా పట్టుకునే కమ్మీలు, నిలబడే చోటు చూసుకోవాలి. గుంపు ఎక్కువగా ఉంటే ఆగాలి. వంతెన ఊపే పిల్లలను ఆపాలి.

అనుమానం వస్తే అడగాలి. నోటితో అడిగితే మరిచిపోతారు. కాగితం మీద రాసి అడిగితే జవాబు ఇవ్వాలి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. దాని కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఫీజు కట్టనక్కర లేదు. ఇలా రాయండి:

సమాచార అధికారి గారికి,
నమస్కారం. మా ఊరి దగ్గర ............ వంతెన మీద జనం తిరుగుతున్నారు. సమాచార హక్కు చట్టం కింద ఈ వివరాలు ఇప్పించగలరు.
1. ఈ వంతెన ఏ సంవత్సరంలో కట్టారు?
2. చివరిసారి ఎప్పుడు పరీక్ష చేశారు?
3. ఒకేసారి ఎంతమంది ఎక్కవచ్చు?
4. పరీక్ష కాగితం నకలు ఇవ్వండి.
ఇట్లు,
............ (పేరు, ఊరు, సంతకం, తేదీ)

దరఖాస్తు ఇచ్చాక రసీదు తీసుకోవడం మరవకండి.

పాఠం విన్నాక వదిన అంది: "సరే. పుష్కరాలకు పోదాం. బ్రిడ్జికి పరీక్ష అయ్యిందా, ఎంతమందిని పంపుతున్నరు, ముందు అడుగుదాం. జవాబు మంచిగుంటే పిల్లల్ని నేనే ఎక్కిస్త."

"జవాబు రాకపోతే?" అంది మరదలు.

"ఒడ్డు మీదికెల్లి చూద్దాం. గోదారి ఏడికీ పోదు."

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మోర్బీలో ఏది మార్చారు? ఏది మార్చలేదు?
2. కుండ్‌మలాలో బోర్డు ఉన్నా జనం ఎందుకు ఎక్కారు?
3. ఒక మనిషి 60 కిలోలు అయితే 300 మంది బరువు ఎంత? ఎన్ని బియ్యం బస్తాలు?
4. మీ ఊరి దగ్గర పాత వంతెన గాని, కల్వర్టు గాని ఉందా? దాని గురించి దరఖాస్తు రాసి, మీ సంఘంలో చదివి వినిపించండి.

ఈ మాటలు మళ్లీ చదవండి

వంతెన - మరమ్మతు - తుప్పు - పునాది - పరీక్ష - దరఖాస్తు - రసీదు