అడవిపందిపై తుపాకిగుండు పనిచేయు విధము

డోను ప్రాంతపు మెట్టపొలములలో వేరుసెనగ ఊడలు దిగి కాయ పట్టినది మొదలు త్రవ్వకము ముగియువఱకు రైతునకు రాత్రి నిద్ర లేదు. గుట్టలలో పగలెల్ల పండుకొనిన అడవిపందులు చీకటి పడగానే మందగా దిగి, తినినదానికంటె పెల్లగించి పాడుచేయునదే యెక్కువ. మంచెమీది డప్పునకు రెండు మూడు దినములు బెదరి, పిదప లెక్కసేయవు. అప్పుడు తుపాకి జ్ఞప్తికి వచ్చును. కాని గాయపడి బ్రదికిన పంది పైరునకు కాక మనుష్యునకు శత్రువగును. మఱునాటి యుదయమున బుడ్డలు పెఱుక వచ్చిన కూలి స్త్రీలమీదికి పొదనుండి దుముకునది అదియే.

ముందుగా చట్టపు మాట. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము పైరు కాపుదలకై మూతినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు దొరకును. అది తుపాకి యుంచుకొనుటకే గాని మృగమును చంపుటకు అనుమతి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన యుద్యోగి గాని వ్రాతమూలముగా అనుమతించిననే పందిని కాల్చవచ్చును. కృష్ణజింక విషయమున పంటనష్టము కారణముగా అట్టి యనుమతియు లేదు.

ఎదిగిన మగపంది భుజములపై చర్మము క్రింద గట్టిపొర డాలువలె పెరిగియుండును. గుండె ఱొమ్మున మిక్కిలి క్రిందుగా, ముందుకాళ్ల నడుమ నుండును. ఊపిరితిత్తులు దానికి పైగా, వెనుకకు. గుండు అంత లోతునకు పోవలెను, పోయినచోట వెడల్పుగా గాయపఱుపవలెను. ఈ రెండును కుదురకున్న కాల్పు చెడినట్లే.

పిట్టలకు వాడు నాలుగవ నెంబరు రవలు ఔన్సునకు 170 వఱకు తూగును. ఇవి పంది కొవ్వులోనే ఆగిపోవును. దీనిని కాల్చుట పందికి కోపము తెప్పించుటయే. ఎస్‌.జి. రవలు ఔన్సునకు 8, ఎల్‌.జి. రవలు 6; ఇవి దగ్గఱనుండియే పనికివచ్చును, దూరమైనకొలది చెదరి ఒకటి రెండు మాత్రమే తగులును. పండ్రెండు బోరు గుండు వేఱు. పౌను సీసముతో పండ్రెండు గుండ్లు పోసిన ఒక్కొక్కటి గొట్టమునకు సరిపోవును. ఆ పేరు అందుచేత వచ్చినదే. బరువు సుమారు 38 గ్రాములు. దెబ్బ గట్టిదే గాని, నునుపు గొట్టమున గుండు నిలుకడగా తిరుగదు గనుక ఏబది గజములు దాటిన గుఱి నమ్మరాదు. మూతి ఇఱుకైన గొట్టమున నిండు గుండు కాల్చరాదు, గొట్టము చెడును. చేతితో కూరు మందు ఒకమాఱు ఎక్కువ, ఒకమాఱు తక్కువ. వానకాలపు చెమ్మ తగిలినచో చెప్పనక్కఱలేదు.

రైఫిలు గుండ్లు రెండు తెఱగులు. నిండుగా లోహపు తొడుగు గలది విచ్చుకొనక సన్నని రంధ్రము చేసి వెడలిపోవును. పంది పరుగెత్తి ఎచటనో పొదలో పడును. మొన దగ్గఱ సీసము బయటికున్నది తగులగానే గొడుగువలె విచ్చును. కలకత్తా చెంతనున్న డమ్‌డమ్‌ కర్మాగారమున 1890ల దశాబ్దమున తయారైన ఇట్టి గుండును 1899లో హేగ్‌ నగరపు సమావేశము యుద్ధమున వాడరాదని నిషేధించినది. మృగమును త్వరగా పడవేయుటకు అదియే మేలైనది. ఏనుగు కపాలమునకు మాత్రము వేటకాండ్రు నిండు తొడుగుదే కోరెడివారు, విచ్చుగుండు ఎముకలో నిలిచిపోవును గనుక. పందికిని మిక్కిలి దగ్గఱనుండి భుజపుటెముకపై కాల్చినచో మెత్తని గుండు ముక్కలై లోనికి చేరకపోవచ్చును.

అందుచేత పంది అడ్డముగా నిలిచినప్పుడు, ముంగాలి మోచేతికి వెనుకగా, క్రిందివైపున గుఱి చూడవలెను. ఎదురుగా వచ్చుదానిని కాల్చరాదు. రైఫిలు గుండు మైలు దూరము దాటి పోగలదు. ప్రక్క పొలపు మంచెపైన మఱియొక రైతు ఉండును. మంచెనుండి మెత్తని నేలవైపు వాలుగా కాల్చుట మేలు. ఱాతిగుట్టవైపు కాల్చిన గుండు తగిలి మఱలును.

తగిలినపిదప చీకటిలో వెంబడింపరాదు. తెల్లవాఱిన తరువాత నెత్తురు చూడవలెను. నురుగుతో ఎఱ్ఱగా నున్న ఊపిరితిత్తుల దెబ్బ. పంది దగ్గఱనే పడియుండును. నల్లగా, పేడవాసనతో నున్న కడుపు దెబ్బ; అట్టిది గంటల తరబడి బ్రదికియుండును. ఆ పొలమునకు కూలివారిని పంపక, అటవీ సిబ్బందికి కబురుచేయవలెను. పడిన పంది ప్రభుత్వపు సొత్తు, కోసి పంచుకొనరాదు.