రొమ్ము శస్త్రచికిత్స పిదప చేయి వాపు - వ్యాయామము

"ఆ చేతితో ఏమియు ఎత్తవద్దు, తల్లీ!" రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స చేయించుకొని ఇల్లు చేరిన స్త్రీకి ఊరివారు మొట్టమొదట చెప్పెడు మాట యిది. ఆ మాటలో దయ కలదు. కాని దానిని నెలల తరబడి పాటించినచో భుజము బిగుసుకొనిపోవును. తన జడ తాను వేసికొనజాలని స్థితి వచ్చును. ఇందులకు ఊరివారిని తప్పు పట్టనేల? సుమారు ముప్పది యేండ్ల క్రిందటి వరకు వైద్యులును ఇట్లే చెప్పుచుండిరి.

ఈ భయమునకు కారణమేమో ముందు తెలిసికొందము. పొలమునకు నీరు తెచ్చు కాలువ యొకటియు, మిగులు నీటిని తీసికొనిపోవు మురుగు కాలువ యొకటియు ఉండుట మనమెరిగినదే. శరీరములోను అట్లే. రక్తనాళములనుండి ఊరి కండల సందులలో చేరిన ద్రవమును తిరిగి గుండెవైపు చేర్చునవి శోషరస నాళములు. వాని దారిలో అక్కడక్కడ గ్రంథులుండును. కాలికి పుండు పడినపుడు గజ్జలో బిళ్ల కట్టినదని మనమనునది అట్టి గ్రంథినే. రొమ్ము క్యాన్సరు సాధారణముగా తొలుత చంకలోని గ్రంథులకు ప్రాకును గనుక వైద్యులు వానిని తీసివేయవలసి వచ్చును. కొందరికి ఆ చోట రేడియేషను కూడ ఇత్తురు. అంతట మురుగు కాలువ పూడినట్లగును. ఒకటి రెండు గ్రంథులను మాత్రమే తీసి పరీక్షించు పద్ధతి వచ్చిన తరువాత ఈ బాధ తగ్గినది. అయినను చంకలోని గ్రంథులను ఎక్కువగా తీయవలసి వచ్చిన స్త్రీలలో సుమారు ఐదుగురిలో ఒకరికి చేయి వాచును. కొందరికి నెలలలోనే, కొందరికి ఏండ్లు గడచిన మీదట.

మన కోస్తా జిల్లాలలో ఇట్టి చేతిని చూచి బోదకాలు చేతికి వచ్చినదని భ్రమపడుటకు అవకాశము కలదు. వాపు రీతి యొకటే గాని కారణము వేరు. బోదకాలు దోమల ద్వారా చేరు ఫైలేరియా పురుగుల పని. ఆ మాత్రలు దీనికి పనిచేయవు. ఇది అంటువ్యాధియు కాదు.

ఇక వ్యాయామ విషయము. శోషరసమును తోయుటకు గుండె వంటి యంత్రము లేదు. నాళముల స్వల్ప కదలికకు తోడు చుట్టునున్న కండరములు బిగిసి సడలుచుండిననే అది బాగుగా ముందునకు సాగును. కవాటములు దానిని వెనుకకు రానీయవు. దీర్ఘముగా ఊపిరి పీల్చుటయు దానిని పైకి లాగును. కావున కదలని చేయి ద్రవమును నిలువజేసికొనును.

ఈ సంగతిని తేల్చుటకు కెనడా దేశములోని వాంకూవరు నగరమున డాన్ మెకెంజీ అను వైద్యుడు 1996లో ఒక సాహసము చేసెను. శస్త్రచికిత్స అయిన 24 మంది స్త్రీలకు ముందు క్రమముగా వ్యాయామము నేర్పి, పిదప డ్రాగన్ పడవ నెక్కించి తెడ్లు వేయించెను. చేతికి అంతకు మించిన శ్రమ యేమి కలదు? ఒక్కరికిని క్రొత్తగా వాపు రాలేదు, ఉన్నవారికి పెరుగలేదు. పిమ్మట అమెరికాలో కాత్రిన్ ష్మిట్జ్ బృందము చేయి వాచిన 141 మంది స్త్రీలను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గము వారిచే వారమునకు రెండుసార్లు బరువులెత్తించెను. 2009లో వెలువడిన ఫలితమేమనగా, ఏడాదిలో బాధ ముదిరినవారు ఎత్తినవారిలో నూటికి 14 మంది, ఎత్తనివారిలో 29 మంది.

అయితే వారు మొదటి దినముననే నిండు బిందె నెత్తలేదు సుమా! అతి తక్కువ బరువుతో, నేర్పువారి యెదుట ఆరంభించి, చేయి ఓర్చుకొన్న కొలది పెంచిరి. వాపున్నవారు ఒత్తిడి తొడుగు ధరించిరి. మన ఇండ్లలో పొరపాటు రెండు వైపులను జరుగును. కలిగిన ఇంట చేయి కదపనీయరు. లేని ఇంట వేరొక దిక్కులేక పదియవ నాడే బిందె ఎత్తవలసి వచ్చును.

వైద్యుని అనుమతితో తొలి దినములలో పిడికిలి మూయుట, తెరచుట, మోచేయి మడచుట చాలును. గొట్టము తీసి గాయము మానుచున్న పిదప గోడకు ఎదురుగా నిలిచి వ్రేళ్లను గోడపై మెల్లగా పైకి నడిపించి, అందిన చోట సుద్దతో గీత పెట్టవలెను. దినదినమును గీత పైకి పోవుట కంటికి కనబడును. దూలమునకు గిలక కట్టి, ఖాళీ త్రాటి యొక కొనను మంచి చేతితో లాగుచు రెండవ చేతిని పైకి లేపుటయు మంచిది. బరువుల వంతు తరువాత; దానిని ఫిజియోథెరపిస్టు చూపిన రీతినే చేయవలెను.

వాచిన చేతిని నూనె రాచి గట్టిగా తోముట, కాపడము పెట్టుట, వాతలు వేయుట బొత్తిగా కూడదు. పత్తి తీయునపుడు, కంప నరకునపుడు గీరుకొనకుండ చేతికి తొడుగు వేసికొనవలెను. చేయి ఎఱ్ఱబడి, వేడెక్కి, జ్వరము తగిలినచో ఆ దినముననే వైద్యుని చూడవలెను. తగ్గువరకు వ్యాయామము మానవలెను.

ఆదిలాబాదు నుండి హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికి సుమారు 300 కిలోమీటర్లు. అంత దూరము పోయి వచ్చిన స్త్రీ ప్రతి సందేహమునకు మరల పోజాలదు. కావున ఆమె తిరిగి వచ్చిన సంగతి గ్రామ ఆశా కార్యకర్తకు తెలిసినదో లేదో వార్డు సభ్యుడు కనుగొనవలెను. సమీప ఫిజియోథెరపిస్టు ఎచ్చటనున్నదియు విచారించి చెప్పవలెను. ఆమె కూలికి పోవునదైనచో మట్టి తట్ట బదులు తేలిక పని ఇమ్మని మేటుకు చెప్పవచ్చును. పని మాన్పించుట మాత్రము మేలు కాదు. వీధి కుళాయి వద్ద నడుమెత్తున చిన్న అరుగు కట్టించినచో నేలనుండి బిందె నెత్తు శ్రమ ఆమెకే గాక గర్భిణులకును ముసలివారికిని తప్పును. దానికి కొన్ని ఇటుకలు, ఒకటి రెండు బస్తాల సిమెంటు, ఒక మేస్త్రీ కావలెను.